గురవమ్మ గారింట్లో వార్డు

"ఎవరండీ ఈ పని చేసింది?"

ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకుని గుమ్మంలోంచే అడిగింది నర్సు మాధురి. నిప్పుల గరిటెతో సహా దొరికిపోయాడు వీరబాబు.

"దిష్టి తీశానండీ. పొద్దుట్నుంచీ ఊరంతా వచ్చి నాయనమ్మని చూసిపోయారు."

"నిమోనియా పేషెంటు పక్కన మిరపకాయలు కాలుస్తారా?"

"ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టండీ."

"ఇప్పుడు వచ్చిందిగా?"

"వచ్చిందండీ," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "దిష్టి లేనట్టే."

మాధురికి నవ్వు వచ్చేదే గానీ, మంచం మీద గురవమ్మ దగ్గుతో మెలికలు తిరిగిపోతోంది.

అసలైతే ఆవిడ గుంటూరు ఆసుపత్రిలో ఉండాల్సిన మనిషి. ఇల్లు కదలనని భీష్మించుక్కూర్చుంటే, డాక్టరు రాధాకృష్ణమూర్తి గారే దిగివచ్చి ఆసుపత్రిని ఇంటికి పంపారు. దూలానికి సెలైన్ సీసా వేలాడింది. మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు నిలబడింది. మాధురి రెండు పూటలా స్కూటీ మీద వచ్చి, ఇంజెక్షన్ చేసి, డాక్టరుగారికి ఫోనులో చెప్పాలి. ఏమాత్రం తేడా వచ్చినా అంబులెన్సే. నాయనమ్మ మాట ఎలాగైనా నిలబెట్టాలని వీరబాబు తాపత్రయం. ఆ తాపత్రయంలో స్కూటీ చప్పుడు కోసం చెవులు రిక్కించడం కూడా అలవాటైపోయింది పాపం.

ఇద్దరూ కలిసి మంచాన్ని గాలి తగిలే వసారాలోకి మార్చారు. మాధురి ఆక్సిజన్ సరిచేసి, ఫోనులో ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇక అంబులెన్సు రావడం ఖాయమనుకున్నాడు వీరబాబు.

"కుదుటపడేదాకా ఇక్కడే ఉంటాను సార్. తగ్గకపోతే నేనే తీసుకొస్తాను," అంది చివర్లో.

"తిట్టి వెళ్ళిపోవచ్చుగా," అన్నాడు వీరబాబు మెల్లగా.

"తిట్టడం ఇంకా అవలేదు. కూర్చోండి."

కూర్చున్నాడు. ఆమె నాడి చూస్తుంటే అతను ఆమెను చూశాడు.

"పేషెంటు ఇటుంది," అంది తలెత్తకుండానే.

పొద్దు వాలేసరికి గురవమ్మ ఊపిరి నెమ్మదించి, నిద్ర పట్టింది. అంబులెన్సు అవసరం పడలేదు.

తర్వాత జ్వరం తగ్గింది, దగ్గూ తగ్గింది. చేతికున్న సూది తీసేసే రోజు వచ్చింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు, ఒక్క వీరబాబు తప్ప.

"ముఖం అలా ఉందేంటండీ?" అంది మాధురి సంచి సర్దుకుంటూ.

"రేపట్నుంచి మీరు రారుగా."

"జబ్బు లేని ఇంటికి నర్సెందుకు?"

"నర్సు వద్దండీ. మీరు కావాలి."

మాధురి అప్పటికే మూసిన జిప్పును మళ్ళీ లాగింది.

"మా నాన్నగారు చీమకుర్తిలో ఉంటారు," అంది. "పెద్దవాళ్ళు లేకుండా వస్తే ఆయన మాట్లాడరు. మీ నాయనమ్మగారు బాగా కోలుకున్నాక తీసుకురండి."

నిద్రపోతోందనుకున్న గురవమ్మ కళ్ళు తెరిచింది.

"నాకేం, నిక్షేపంలా ఉన్నాను. కారు మాట్లాడరా."

"ఇంకో వారం కదలకూడదు నాయనమ్మగారూ," అంది మాధురి. గొంతు నర్సుదే గానీ ముఖం మాత్రం కందిపోయింది.

"అయితే ఆ వారం కూడా రోజూ వచ్చి చూసిపో. సూదీ మందూ ఏం తేవద్దు, ఊరికే రా."

మాధురి వీరబాబు వైపు చూసింది. ఈసారి తల దించుకోలేదు.

"వస్తానండీ," అంది.