ప్రపంచంలోనే మొదటిసారి

“మెరూన్ అట్ట ఉందా?”

“మెరూన్ ఒడిసింది సార్. నల్లదుంది. గని దానికి బంగారు అక్షరాలు పట్టయి.”

కోడ్ సరిపోయింది. డాక్టర్ హరికిషన్ అటూ ఇటూ చూసి, కౌంటర్ పలక ఎత్తి లోపలికి వెళ్లాడు.

సిద్దిపేట శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. దాని గేటుకు ఎదురుగా ఈ జిరాక్స్ దుకాణం. పైకి చూస్తే థీసిస్‌లకూ ప్రాజెక్ట్ రిపోర్టులకూ అట్టలు వేసే చోటు. బైండింగ్ మెషీన్ వెనక మాత్రం ఢిల్లీతో నేరుగా మాట్లాడే వైర్‌లెస్ సెట్ ఒకటుంది. దుకాణం నడిపే ఇస్తారి గూఢచార విభాగం మనిషి. ఎదుటి కాలేజీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే హరికిషన్ అతనికి పై అధికారి. ఫైళ్లలో ఆయన పేరు ఏజెంట్ సెమికోలన్.

విదేశీ ముఠాలు మన రీసర్చ్ ల్యాబుల్లోకి దూరుతున్నాయని ఆయన్ను ప్రొఫెసర్ వేషంలో ఇక్కడ పెట్టారు. రెండేళ్ల పని అన్నారు. తొమ్మిదేళ్లయింది. వేషం నమ్మేలా ఉండాలని పీహెచ్‌డీ చేయించారు. పీహెచ్‌డీ ఉన్నవాడు పేపర్లు రాయకపోతే అనుమానం వస్తుందని పేపర్లు రాశాడు. పేపర్లు రాసేవాడికి రీసర్చ్ స్కాలర్లు లేకపోతే ఏం బాగుంటుందని కాలేజీ స్కాలర్లను అంటగట్టింది. ఈ వరసలో ఎక్కడో ఆయనలో ఏదో మొద్దుబారిపోయింది. బెస్ట్ పేపర్ అవార్డు వచ్చిన రోజు ఏమీ అనిపించలేదు. ఒక ఆపరేషన్‌లో ఎడమ భుజానికి తూటా దిగిన రోజు కూడా ఏమీ అనిపించలేదు. మర్నాడు కట్టు మీద చొక్కా తొడుక్కుని వెళ్లి క్లాసు చెప్పాడు.

“చెప్పు,” అన్నాడు హరికిషన్.

“రూట్ వచ్చిండు సార్.”

రూట్ అంటే ముఠా నాయకుడు. అసలు పేరు ఏ దేశం పోలీసులకూ తెలియదు.

“ఎక్కడికి?”

“ఈడికే. ఇయ్యాల పదకొండు గంటలకు మీ దేవిక వైవాల కూసుంటడట. ముఠాల ఉన్న మన మనీష మేడం పంపిన ఖబర్.”

దేవిక హరికిషన్ స్కాలర్. చింతమడక పిల్ల. కాలువల పంపుహౌసులు నడిపే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు ఏరిపారేసే ఒక టూల్ తయారు చేసింది. దానికి ‘జల్లెడ’ అని పేరు పెట్టుకుంది. ఇవాళ థీసిస్ మీద ఆఖరి పరీక్ష, అంటే వైవా. చివర్లో డెమో. దేవిక ఎంటర్ నొక్కగానే జల్లెడ రిలీజై పంపుహౌసుల కంప్యూటర్లన్నిటికీ చేరుతుంది.

“ఆ జల్లెడల ముఠోళ్లు ఒక దొంగ ముక్క కలిపిన్రు సార్. ఇప్పుడది నిద్రపోతున్నది. రూట్ తాన ట్రాన్స్‌మిటర్ ఉన్నది. వాడు దగ్గరుండి నొక్కితె లేస్తది. లేసి పంపుహౌసులల్ల పడ్డదా, గేట్లన్ని వాళ్ల చేతిలకు పోతయి. నాట్లేసిన పొలాల మీదికి నీళ్లొదిలినా ఆపెటోడుండడు.”

“రిలీజ్ ఆపేద్దాం.”

“ఆపొచ్చు. ఆపితె రూట్ జారుకుంటడు. మరి ఆ దొంగ ముక్క దేవిక పేరు మీదనే ఎక్కింది సార్.” ఇస్తారి గొంతు తగ్గించాడు. “ఢిల్లీ ఆర్డర్ గిది. ట్రాన్స్‌మిటర్‌తోని రూట్ దొరికితె సరే. దొరకకుంటె వైవా అయినంక పిల్లను లోపలెయ్యాలె.”

“రూట్ ఎట్లుంటడు?”

“ఎవ్వలు చూడలే. మేడం గూడ చూడలే. ఒకప్పుడు వాడు గూడ మీ లెక్కనే రీసర్చ్ చేసెటోడట. గంతే తెలుసు.”

హరికిషన్‌కు ఈ మాటకు గుండె గుభేలుమనాలి. అనలేదు. దేవిక జైలుకు పోవడం తప్పు అని బుర్రకు తెలుసు. తెలిసిన సంగతి కిందికి దిగడం లేదు.

ఇస్తారి ఒక లేజర్ పాయింటర్ చేతిలో పెట్టాడు. “ఎర్ర బటన్ స్లైడ్ చూపెట్టెటందుకు. నల్ల బటన్ నొక్కితె రూంల ఏ సిగ్నల్ అయినా చస్తది. చార్జింగ్ జర తక్వున్నది, పైలం.”

రోడ్డు దాటుతూ హరికిషన్ ఆలోచించాడు. లోకంలో ఇన్ని టూల్స్ ఉండగా రూట్‌కు జల్లెడే ఎందుకు నచ్చింది? లోపల ఏముందో బాగా తెలిసినవాడే అంత శుభ్రంగా ముక్క కలపగలడు. అంటే ఇలాంటిదే ఎప్పుడో తానూ చేసి ఉండాలి. ఆ పని ఎవరి కంటా పడకుండా పోయి ఉండాలి. రీసర్చ్ చేసినవాడు పేరు మార్చుకోగలడు, మొహం మార్చుకోగలడు, పెళ్లాం పిల్లల్ని వదిలేయగలడు. కానీ తన పేపర్‌ను ఎవడూ చదవలేదన్న మంటను మాత్రం కాటికి పోయేదాకా మోస్తాడు. ఈ ఒక్క విషయంలో హరికిషన్ పదిమందికి పాఠం చెప్పగలడు.

ల్యాబ్‌లో దేవిక స్లైడ్లు సరిచూసుకుంటోంది.

“డెమో కంటె ముందు ఒక స్లైడ్ పెట్టు దేవికా. ‘ఈ పద్ధతిని ప్రపంచంలోనే మొదటిసారి మేమే కనిపెట్టాం’ అని రాయి. పెద్ద అక్షరాలల్ల.”

దేవిక చేయి కీబోర్డు మీద ఆగిపోయింది. “అట్లెట్ల రాస్త సార్? యాడ్నో ఎవలో చేసే ఉంటరు. ‘మాకు తెలిసినంత వరకు’ అని అయినా పెట్టాలని మీరే చెప్తిరి గద.”

“ఇయ్యాల పెట్టకు.”

ఆ పిల్ల ఆయన మొహంలోకి చూసింది. చేరిన నాటి నుంచి ఆయన నోట ఇంత గాలి మాట వినలేదు. అయినా టైప్ చేసింది.

సెమినార్ హాల్ గుమ్మం దగ్గర మనీష ఎదురైంది. నెమలికంఠం రంగు పట్టుచీర, గదిలో కూడా తీయని చలువ కళ్లద్దాలు, విదేశీ యూనివర్సిటీ విజిటింగ్ ప్రొఫెసర్ అని మెళ్లో బిళ్ల. ముఠాకు పని చేస్తూ వాళ్ల కబుర్లు మనకు చేరవేస్తుంది. మన కబుర్లు వాళ్లకు చేరవేయడం లేదని ఎవరూ ఒట్టు వేసి చెప్పలేరు.

“ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌ను గమనించండి,” అందామె పెదవి కదపకుండా. “ఆ బ్రీఫ్‌కేస్ ఒళ్లోంచి దించడం లేదు.”

నిజమే. పరీక్షకు బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ ప్రభాకర్ బ్రీఫ్‌కేస్‌ను పసిపిల్లాడిలా ఒళ్లో పెట్టుకున్నాడు. పక్కనే విశ్వతేజ అని ఒక కంపెనీ ప్రతినిధి. మణికట్టుకున్న స్మార్ట్‌వాచ్‌ను మాటిమాటికీ నొక్కుతున్నాడు. వెనక వరసలో దేవిక తల్లిదండ్రులు కొమురవ్వ, దుబ్బయ్య. వాళ్ల కాళ్ల దగ్గర మూతలు బిగించిన రెండు పెద్ద గిన్నెలు. వైవాకు వచ్చిన పెద్దలకు స్కాలర్ ఇంటివాళ్లు భోజనం పెట్టడం ఆనవాయితీ. బగారన్నం, నాటుకోడి కూర. వాసన అప్పటికే పరీక్షకుల దాకా వచ్చేసింది. పక్కన కెమెరా స్టాండుతో వీడియో మనిషి.

“పెండ్లికన్న పెద్ద ముచ్చట గద సార్, అందుకే వీడియో పెట్టించిన,” అన్నాడు దుబ్బయ్య లేచి నిలబడి. “స్టూడియో పటేల్‌కు జరమొచ్చిందట. ఈయన్ను తోలిచ్చిండు.”

“జరంత గీ దిక్కు సూడు చెల్లే,” అంటున్నాడు వీడియో మనిషి దేవికతో. “నవ్వాలె మరి.”

వైవా మొదలైంది. మొదటి స్లైడ్‌కే ప్రభాకర్ చేయి చాచాడు. “హరికిషన్‌గారూ, ఆ పాయింటర్ ఒకసారి ఇయ్యున్రి.”

వయసులో పెద్దవాడు, పైగా ఎగ్జామినర్. కాదంటే అనుమానం. ఇచ్చాడు. ప్రభాకర్ ఆ ఎర్ర చుక్కను స్లైడ్ల మీద ఊరేగించాడు. కామాల దగ్గర ఆపాడు, ఫుల్‌స్టాపుల దగ్గర ఆపాడు. మాట్లాడనప్పుడు కూడా వేలు తీయలేదు. హరికిషన్ దాన్ని తిరిగి తీసుకునేసరికి డెమో దగ్గరపడింది.

దేవిక బాగా చెప్పింది. గొంతు ఒక్కచోటే తడబడింది, ఆ స్లైడ్ దగ్గర.

“ఈ పద్ధతిని... ప్రపంచంలోనే మొదటిసారి మేమే కనిపెట్టాం.”

హరికిషన్ కళ్లు ప్రభాకర్ మీద ఉన్నాయి. ప్రభాకర్ ఆవలించాడు. “బాగుంది, బాగుంది. డెమో చూపెట్టమ్మా, కూర చల్లారుతది.” విశ్వతేజ వాచ్‌లో స్కోరు చూసుకుంటున్నాడు. మనీష గోళ్లు చూసుకుంటోంది.

ఎవరూ కదల్లేదు. దేవిక లాప్‌టాప్ వైపు తిరిగింది.

అప్పుడు హరికిషన్ గమనించాడు. ఇంతసేపూ దేవిక మొహం మీదే ఉన్న కెమెరా మెల్లగా తెర వైపు తిరిగింది. ఆ వాక్యం ముందు నిలబడిపోయింది.

ఆయన కావాలనే గొంతు పెంచాడు. “మంచిగ చెప్పినవ్ దేవికా. ఇంతకుముందు దీని జోలికి పోయినోడే లేడు. పోయినా, చదవదగ్గ పేపర్ ఒక్కటి రాలే.”

“అబద్ధం!”

కెమెరా వెనక నుంచి వచ్చిందా మాట. “రెండువేల పన్నెండులోనే చేశాను! సెక్షన్ ఫోర్, ఫార్మల్ ప్రూఫ్‌తో సహా! మీరెవరైనా చదివితే కదా!”

హాలంతా వెనక్కి తిరిగింది.

“వీనికేమైందే?” అన్నాడు దుబ్బయ్య.

తన నోటి నుంచి ఏం వచ్చిందో రూట్ కూడా అప్పుడే విన్నాడు. చేయి కెమెరాలో దాచిన ట్రాన్స్‌మిటర్ బటన్ మీదికి వెళ్లింది. హరికిషన్ నల్ల బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. పాయింటర్ చచ్చి చాలాసేపయింది. దాని ప్రాణం కామాల మీదా ఫుల్‌స్టాపుల మీదా పోయింది.

“దేవికా, ఎంటర్ కొట్టకు!”

కెమెరాలో బటన్ టక్కుమంది. అదే క్షణంలో లాప్‌టాప్ మీద ఎంటర్ కూడా టక్కుమంది.

హరికిషన్ కుర్చీల మీంచి దూకి రూట్ నడుం పట్టుకున్నాడు. ఇద్దరూ స్టాండుతో సహా కూలారు. రూట్ చేయి జేబులోని పిస్టల్ అందుకుంటుండగా కొమురవ్వ కూర గిన్నె మూత తీసి ఆ చేతి మీద ఒక్కటి వేసింది. పిస్టల్ జారిపోయింది. మనీష అప్పుడు తన పర్సులోంచి చిన్న పిస్టల్ తీసి, ఎవరు పైన ఉన్నారో ఒక్క క్షణం చూసి, దాన్ని రూట్‌కు గురిపెట్టింది.

“నేను మొదటి నుంచీ మీ వైపే,” అంది హరికిషన్‌తో.

ఆయన వినడం లేదు. తెర వైపు తిరిగాడు. గేట్లు తెరుచుకునే ఉంటాయనుకున్నాడు.

తెరంతా ఎర్రగా ఉంది. మధ్యలో జల్లెడ రాసిన వాక్యం: ‘తెలియని ముక్క ఒకటి ఇప్పుడే మేల్కొంది. బయటి సిగ్నల్‌తో వచ్చింది. రిలీజ్ ఆపేశాను.’

“నువ్వు ఎంటర్ కొట్టినవ్ గద?” అన్నాడు హరికిషన్.

“కొట్టిన సార్. గది రిలీజ్ కాదు, టెస్ట్.” దేవిక తెర వైపు చూపించింది. “మీరు రుజువు లేకుంట ఒక్క మాట రాయనియ్యరు. అసుంటి మీరే ‘ప్రపంచంలోనే మొదటిసారి’ అని రాయమంటె నాకు నమ్మబుద్ధి కాలే. ఏదో తేడా ఉన్నదనిపిచ్చింది. అందుకే జల్లెడను జల్లెడల్నే పోసి సూసిన. రిలీజ్‌కు ముందు ఆఖరుసారి టెస్ట్ చేయాలని మీరే చెప్పిన్రు గద సార్.”

చెప్పాడు. ప్రతి ఏడాదీ, ప్రతి క్లాసులోనూ చెప్పాడు. వేషం కోసం ఎవరివో స్లైడ్లు తెచ్చి, గోడ వైపు చూస్తూ చెప్పాడు. ఆ మాటను ఒక పిల్ల నిజమని నమ్మి అక్షరాలా పాటిస్తోందని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. దొంగ ముక్క ఎవరిదో, దాన్ని ఎవరు లేపారో ఇప్పుడు హాలంతా చూసింది. ఇక దేవిక పేరు జోలికి ఢిల్లీ రాలేదు.

ఆయన ఎడమ భుజం నొప్పి పెట్టింది. తూటా దిగిన చోటే. ఇన్నేళ్లకు మొదటిసారి, కళ్లలో నీళ్లు తిరిగేంత నొప్పి. కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ నొప్పి ఆయనకు చాలా సంతోషం కలిగించింది.

ఇస్తారి బేడీలతో వచ్చేసరికి ప్రొఫెసర్ ప్రభాకర్ గొంతు సవరించుకున్నాడు. ఆయన బ్రీఫ్‌కేస్ ఈ గందరగోళంలో కిందపడి తెరుచుకుంది. అందులో ఖాళీ టిఫిన్ డబ్బా ఒకటి, ఇంటికి కూర పట్టుకుపోవడానికి.

“అమ్మా దేవికా, పాసైనవు. ఒక్క కరెక్షన్ ఉన్నది. ఆ ‘మొదటిసారి’ మాట తీసేయ్. ముందే చేసిన్రని తెలిసినంక ఆయన పేపర్‌ను రిఫరెన్సులల్ల పెట్టాలె. మనిషి సంగతి మనకెందుకు, పద్ధతి పద్ధతే.”

గడప దాటుతున్న రూట్ ఆగాడు. వెనక్కి తిరిగి ప్రభాకర్‌ను ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

“ఏందయ్యా, మన బిడ్డ డాక్టరయిందా, కాలేదా?” అడిగింది కొమురవ్వ మూతను కొంగుతో తుడుస్తూ.

“అయిందవ్వా,” అన్నాడు హరికిషన్.

సాయంత్రం జిరాక్స్ దుకాణంలో ఇస్తారి సెట్ చెవి నుంచి దించాడు. “మిషన్ అయిపోయిందట సార్. వేషం తీసేసి రేపే బయలెల్లుమంటున్రు.”

“కరెక్షన్లు అయ్యేదాక కుదరదని చెప్పు.”

కరెక్షన్ కోసం దేవిక ఆ రెండువేల పన్నెండు నాటి పేపర్‌ను వెతికి పట్టుకుంది. పైన రచయిత పేరు, ఊరు, గైడ్ పేరుతో సహా ఉన్నాయి. అన్ని దేశాల పోలీసులు వెతుకుతున్న ఆ అసలు పేరు థీసిస్ చివర రిఫరెన్సుల్లో చేరి, బంగారు అక్షరాల మెరూన్ అట్టలో బైండయింది. లాకప్‌లో నోరు విప్పని రూట్‌కు ఇస్తారి ఆ పేజీ తెరిచి చూపించాడు. రూట్ చాలాసేపు చదివాడు. తర్వాత కుర్చీ అడిగి కూర్చుని, ముఠా గుట్టంతా వరసగా చెప్పేశాడు.

పాపం, ఆ పేపర్‌ను ఒకరు ఉదహరించడం ప్రపంచంలోనే అది మొదటిసారి.