పెన్యావెర్దే మెదళ్లు

ముసలితనంలో అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులు తప్పితే, కథ మెల్లగా సాగితే మన్నించండి.

మెడెలిన్ నగరంలో ఒక బేకరీ వెనక గది. కర్నల్ అబ్దోన్ కాఫీ కప్పు పక్కకు జరిపి ఒక ఫోటో ముందుకు తోశాడు.

"డాక్టర్ నూబియా కదావీద్. మెదడు స్కానింగ్‌లో పీహెచ్‌డీ. ఈ వారంతో ఇక్కడి ఆస్పత్రిలో ఉద్యోగం ఆఖరు. ఒక విదేశీ సంస్థ పోస్ట్‌డాక్, అదే పీహెచ్‌డీ తరువాతి పరిశోధన ఉద్యోగం, ఇస్తానంది. జీతం, ఇల్లు, విమానం టికెట్టు."

"మంచిదేగా," అన్నాడు ఏజెంట్ ఎవేలియో తాబోర్దా.

"సంస్థ లేదు నాయనా, బోర్డు ఒక్కటే ఉంది. వెనక ఉన్నది గూఢచారి ముఠా. పెన్యావెర్దే జనం స్కాన్‌లన్నీ పేర్లతో సహా చిప్‌లో తెమ్మన్నారు. వాటిని అమ్ముకుంటారు."

ఎవేలియో ఆ ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. పెన్యావెర్దే అతని ఊరు. అక్కడ నలభై ఏళ్లు దాటితే చాలు, మతిమరుపు జబ్బు ఇంటింటా దిగుతుంది. అతని తల్లి కొడుకును గుర్తుపట్టకుండానే పోయింది. ఆ పేర్లు బయటపడితే ఊళ్లో ఎవరికీ పని దొరకదు, పెళ్లికీ ఎవరూ ముందుకు రారు.

"పేషెంటు వేషంలో వెళ్లు. చిప్ తీసుకోవడానికి కోరిన్ వస్తుంది. మన దగ్గరా, వాళ్ల దగ్గరా జీతం తీసుకునే మనిషి. 'మీ కొండ మీద వానలెలా ఉన్నాయి' అంటుంది. 'కాఫీ పూతకు సరిపడా' అను. చిప్ నీ చేతికిస్తుంది. అనలేదా, నువ్వు మనవాడివి కాదనుకుని ముఠాకే ఇస్తుంది. పిస్తోలు మాత్రం ఇంట్లో వదిలెయ్. ఆ స్కానర్ అయస్కాంతం ఇనుమును చేతిలో ఉండనివ్వదు."

మర్నాడు ఎవేలియో ఆస్పత్రి గౌనులో స్కానర్ బల్ల మీద పడుకున్నాడు. నూబియా అతని తల పట్టుకుని దిండ్లు సర్దుతోంది.

"ఎవరింటివారు మీరు?"

"పెన్యావెర్దే తాబోర్దాలం, డాక్టరమ్మా."

ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి.

తలుపు తెరుచుకుంది. సెంటు వాసన ముందు వచ్చింది, ఆకుపచ్చ పట్టు గౌనులో కోరిన్ తరువాత వచ్చింది. గుమ్మంలోనే నిలబడి ఎవేలియోను చూసింది.

"మీ కొండ మీద వానలెలా ఉన్నాయి?"

ఎవేలియో నోరు తెరిచాడు. బేకరీ గుర్తుంది. కర్నల్ ముఖం గుర్తుంది. చెప్పాల్సిన మాట మాత్రం గుర్తుకు రాలేదు.

"పడుతున్నాయి," అన్నాడు చివరకు.

కోరిన్ నిట్టూర్చి బ్యాగులోంచి పిస్తోలు తీసింది. "చిప్ ఇటివ్వండి డాక్టర్. కింద కారు ఉంది."

నూబియా పిస్తోలును చూసింది. తన చేతుల కింద కళ్లార్పకుండా మాట కోసం వెతుక్కుంటున్న మనిషిని చూసింది.

"పేషెంటు తల వదలకూడదండీ," అంది నెమ్మదిగా. "మీరే వచ్చి తీసుకోండి."

ఆ దొంగ సంస్థ పేరిట స్కానింగ్ ఉద్యోగాలు పంచే కోరిన్ స్కానర్ గదిలో ఏనాడూ కాలు పెట్టలేదు. రెండడుగులు వేసింది. నూబియా ఎవేలియోను బల్ల మీంచి లాగేసింది. పిస్తోలు కోరిన్ చేతిలోంచి ఎగిరి, యంత్రం నోట్లో పిడుగులా పడి అతుక్కుంది. గార్డులు వచ్చేసరికి కోరిన్ తన మణికట్టు పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. చిప్ నూబియా జేబులోనే ఉండిపోయింది.

"ఆ సంస్థ దొంగదని మీకు ముందే తెలుసా?" అన్నాడు ఎవేలియో.

"అనుమానం ఉండేది. కానీ దరఖాస్తులు పెట్టిన చోట్లన్నిట్లో జవాబిచ్చింది అదొక్కటే."

"మరి నా స్కాన్?"

ఆమె యంత్రం కేసి చూసింది. "ఆ పిస్తోలు ఊడాలంటే అయస్కాంతం ఆర్పెయ్యాలి. మళ్లీ వెలిగించే డబ్బు ఆస్పత్రి దగ్గర లేదు. ఇంటికెళ్లండి, నాయనా."

సాయంత్రం కర్నల్ అతని భుజం తట్టాడు. "శభాష్. పెన్యావెర్దే తలల్లో ఏముందో శత్రువుకు తెలియదిక."

"మనకూ తెలియదు సార్," అన్నాడు ఎవేలియో.

ఈ కథ రాసింది లెయోనీల్దే ఓస్పీనా, డెబ్బై మూడేళ్లు. ఇప్పుడు ఉంటున్నది మెడెలిన్ పక్కన బెయ్యోలో.