ఐసు ఫ్యాక్టరీలో క్రిస్టినా

పెదపాడు దాటి కొల్లేరు వైపు పోతుంటే, చేపల చెరువుల మధ్య ఒక పాత ఐసు ఫ్యాక్టరీ ఉంది. చీకటి పడితే చేపల లారీవాళ్ళు కూడా అక్కడ బండి ఆపరు. లోపల ఎవరో మూలుగుతారని దానికి పేరు. అద్దెకి ఇవ్వొద్దని పదిమందిలో చెప్పాను. నా మాట ఎవరు విన్నారు గనక... అది నేను మర్చిపోను.

ఏలూరు వాళ్ళు అందులో ల్యాబు పెట్టారు. మనిషి చర్మం పెంచే ల్యాబు. కాలినవాళ్ళ ఒంటి నుంచి గోరంత ముక్క తీసి, మూడు వారాలు పెంచి, మళ్ళీ వాళ్ళ పుండు మీదే కప్పుతారట. రాత్రి కాపలా మా కృపానందం. ఆయన చెప్పింది చెప్పినట్టే చెప్తున్నాను.

ఆయన కూతురు క్రిస్టినా గ్యాసు మంటల్లో కాలింది. ఆ పిల్ల చర్మమూ అక్కడే పెంచారు. అది ఎదిగేలోపే పిల్ల పోయింది. పెంచిన ముక్క ఏమైందో తండ్రికి ఎవరూ చెప్పలేదు. అంత చదివినవాళ్ళకి ఆ ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదు.

"పునరుత్థాన దినాన నా పిల్ల సగం తోలుతో ఎలా లేస్తుందండీ?" అని నన్నడిగాడు.

మొన్న వానల్లో ఒక రాత్రి కరెంటు పోయింది. జనరేటరు అందుకునేలోపు — మూలుగు. సన్నగా... ఆడపిల్ల గొంతులా...

టార్చి వేసుకుని వెళ్ళాడు. ఎప్పుడూ తాళం పడి ఉండే గది, తలుపు తెరుచుకుని ఉంది.

లోపల అద్దాల బీరువా. చెయ్యి పెడితే మనిషి ఒంటి వెచ్చన. పళ్ళెంలో ఎర్రటి నీళ్ళు, నీళ్ళలో తెల్లటి పొర. అది కదిలింది... ఊపిరి తీసినట్టు.

పళ్ళెం మీద ఇంగ్లీషు చీటీ. కృపానందానికి ఇంగ్లీషులో ఒక్క పేరే తెలుసు. పిల్ల సమాధి రాయి చెక్కుతుంటే పక్కన కూర్చుని చూసిన అక్షరాలు. అవే అక్షరాలు — అదే వరస.

"ఇక్కడున్నావా అమ్మా," అన్నాడట.

పళ్ళేన్ని కండువాలో చుట్టుకుని సమాధుల తోటకి నడిచాడు. చేతులతోనే మన్ను తవ్వి, ప్రార్థన చేసి, కప్పెట్టాడు. తిరిగొచ్చేసరికి మూలుగు లేదు. ఏడాదికి ఆ రాత్రే కంటినిండా నిద్రపోయాడు.

తెల్లారి ల్యాబు మేడం ప్రియాంక బీరువా తెరిచి, పళ్ళెం ఏదని అడిగింది. ఆయన దాచలేదు. జరిగిందంతా చెప్పాడు.

మేడం గుసగుసగా అంది —

"మీ అమ్మాయిది పోయినేడే తీసేశామండీ... మీకు చెప్పాల్సింది. ఇది వేరే క్రిస్టినాది. కైకలూరు పిల్ల. ఆరేళ్ళు."

బయట ఆస్పత్రి వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు.

"దీనికోసమే వచ్చాడు, కృపానందంగారూ. పిల్లని ఆపరేషన్ బల్ల ఎక్కించేశారు."