ఊరట పట్టీ

కాదు మనవరాలా, నా కథలో నర్సు దీవెన ముందు చేతులు కడుక్కుంది. ఆ తర్వాతే అంకమ్మ మంచం దగ్గరికి వచ్చింది. అలాగే రాయి.

రొమ్ము తీసేసిన ఆడవాళ్ల వార్డు అది. కుట్ల పక్కనుంచి వచ్చే గొట్టం చివర చిన్న బుడ్డి వేలాడుతుంటుంది. అందులోకి దిగిన ఎర్రనీళ్లు కొలిచి పారబోయడం, చేయి బిగుసుకుపోకుండా వాళ్ల వేళ్లను గోడ మీద పైకి పాకించడం దీవెన పని. ఓదార్చడం ఆమె పని కాదు. అది ప్రతి మెడ మీదా అంటించిన ఊరట పట్టీది. దుఃఖం పుట్టబోతుంటేనే పసిగట్టి ఒంట్లోకి మందు వదులుతుంది. అందుకే వార్డంతా నవ్వుముఖాలే. కుట్లు విప్పుతున్నా నవ్వుతారు.

"వేళ్లు ఇంకాస్త పైకి పోనీ పిన్నీ."

"పోతన్నాయిలే. గోడ అయిపోయినాక ఆకాశం ఎక్కమంటావా ఏంది?" అంకమ్మ నవ్వింది. నవ్వుతూనే అంది: "నిన్న నా కూతురొచ్చింది. నా ఛాతీ చూసి ఎక్కెక్కి ఏడ్చింది. నేనేం చేశానో ఎరుగుదువా? నవ్వాను. 'నువ్వు మా అమ్మవేనా' అని లేచి వెళ్లిపోయింది."

దీవెన బుడ్డి మూత బిగించింది. "మళ్లీ వస్తదిలే."

"ఇయ్యాల వస్తానంది, ఇదే ఆఖరని. ఈ పట్టీ పీకెయ్యమ్మాయ్. ఏడుపు లోపలెక్కడో ఉంది, పైకి రానీదు."

"పీకితే నొప్పంతా ఒక్కసారే మీద పడుద్ది. మళ్లీ అంటియ్యరు. నీ తిండీ, మందూ, మంచం అన్నీ ఆ పట్టీ చెప్తేనే వస్తాయి. నా ఉద్యోగం సంగతి సరేసరి."

"తెలుసు," అంది అంకమ్మ, నవ్వు చెదరకుండా.

తలుపు దగ్గర కూతురు వచ్చి నిలబడింది. లోపలికి అడుగు పెట్టలేదు. దీవెన ఆ పిల్లనొకసారి చూసి, పట్టీ అంచు గోటితో లేపి లాగేసింది.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత అంకమ్మ వేళ్లు గోడ మీంచి జారిపోయాయి. ఛాతీని రెండు చేతులా పొదువుకుని మంచం మీద కూలబడి, నోరంతా తెరిచి ఏడ్చింది. కూతురు పరుగున వచ్చి తల్లి తలను ఒళ్లోకి తీసుకుంది. తలాపున ఉన్న కంప్యూటర్ తెర మీద అంకమ్మ పేరు చెరిగిపోయి 'మంచం ఖాళీ' అని పడింది.

అన్నం బండి అక్కడ ఆగకుండా వెళ్లిపోయింది. దాని వెనకే కొత్త రోగిని మోసుకుంటూ చక్రాల మంచం దానంతటదే వచ్చింది. దీవెన అడ్డంగా నిలబడింది. అది ఆమె మోకాళ్లను తడుముతూ, తోస్తూనే ఉంది.

పక్క మంచం ఆవిడ నవ్వుముఖంతోనే మెడ ముందుకు చాపింది. "నాది కూడా లాగెయ్ తల్లీ."

ఇంతే. దీన్ని మీ మేనత్తకి చదివి వినిపించు మనవరాలా. ఆపరేషన్ అయినప్పట్నుంచీ ఫోన్లో నాతో నవ్వుతూనే మాట్లాడుతోంది.