మూడు చెప్పుదెబ్బలు

నవంబరు కదా, నాలుగున్నరకే ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో చీకటి పడిపోయింది. చలికి తాళలేక నార్మన్ గ్యారేజీ షట్టరు కిందికి లాగేసి, తన పాత రెండు సీట్ల కారు డిక్కీలో తల దూర్చాడు. పెట్రోలు పంపుకి వైర్లు తగిలిస్తున్నాడు.

ముప్పై ఏళ్లుగా ఆ మాయదారి పంపు కారు కింద, వెనక చక్రం పక్కన ఉండేది. దారిలో మొరాయిస్తే భార్య ఎనిడ్ దిగి, ఎడమ కాలి చెప్పు తీసి, దాని మడమతో మూడు దెబ్బలు వేసేది. దెబ్బకి పంపు కదిలేది. ఆమె మార్చిలో పోయింది. ఇక నార్మన్ ఒక్కడే. తాళం తిప్పేదీ తనే, చెప్పు పట్టేదీ తనే అంటే ఎలా? అందుకే పంపు మొరాయించకుండా, తడీ బురదా తగలని డిక్కీలోకి మార్చాడు.

రేపు ఎనిడ్ పుట్టినరోజు. తన బూడిద ఈ కారులోనే తీసుకెళ్లి విట్బీ దగ్గర సముద్రంలో కలపమని మాట తీసుకుంది. బూడిద డబ్బాని ఎడమ సీట్లో పెట్టి బెల్టు కూడా కట్టాడు పాపం.

ఇవాళ పొద్దున పక్కింటి ట్రెవర్ గ్యారేజీలోకి తొంగిచూశాడు. "మొత్తానికి పంపుకి చెప్పుదెబ్బలు తప్పించావు పెద్దాయనా! ఇదిగో, రబ్బరు మీద బిగించావు, కరెంటు పారదు. నల్ల వైరు కారు బాడీకి వెయ్యకపోతే చచ్చినా పనిచెయ్యదు." అంతే, ఆ తర్వాత రోజంతా నార్మన్‌ని పలకరించిన మనిషి లేడు.

వైర్ల పని అయిందనుకుని, డిక్కీ దగ్గర్నుంచి వచ్చి స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పాడు. పంపు చప్పుడు లేదు.

కారు కింద నుంచి... టక్ టక్ టక్.

పాత చోటే. అక్కడిప్పుడు ఏమీ లేదు. మళ్లీ... టక్ టక్ టక్.

పంపు మార్చిన సంగతి ఆమెకి తెలీదు! గుండె తరుక్కుపోయింది.

"అక్కడ కాదే..." అన్నాడు. "డిక్కీలో..."

నేల మీద ఏదో ఈడ్చుకుంటూ వెనక్కి వెళ్లింది. డిక్కీలో మూడు దెబ్బలు. పంపు టకటకా కొట్టుకోసాగింది.

నార్మన్ దిగి డిక్కీలో చూశాడు. నల్ల వైరు కొస గాల్లో వేలాడుతోంది. తగిలించడమే మర్చిపోయాడు.

అప్పుడు ఇంజను స్టార్టయింది.

ఎనిడ్‌కి డ్రైవింగు రాదు. ఏనాడూ స్టీరింగు ముట్టుకోలేదు.

పొగ కమ్ముకుంటోంది. "ఎనిడ్... షట్టరు మూసుంది..." అని గొణిగాడు.

ఎడమ తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల బెల్టు విప్పి ఉంది. డబ్బా లేదు. సీటు అతని కోసమే అన్నట్టు ఖాళీగా ఉంది...