సూదుల అప్పు

తెల్లారగానే ప్రమీలమ్మ ఉగ్గానికి బొరుగులు తడిపి పిండింది. ఆళ్లగడ్డలో ఆ ఇంటికి వచ్చినవాళ్లు ఉగ్గాని, బజ్జీ తినకుండా పోయిన రోజు లేదు. ఈరోజు మాత్రం వచ్చేది కొడుకు పవన్ విడాకుల పంచాయితీకి. కోర్టుకెక్కేముందు ఏ అప్పు ఎవరిదో తేల్చుకు రమ్మని నంద్యాల వకీలు చెప్పాడట. కోడలు హిమజ మీద ఆమెకు కడుపు మండిపోతోంది. కూతురిలా చూసుకుంటే చెప్పాపెట్టకుండా నంద్యాలలో పుట్టింటికి పోయి కూర్చుంది మరి!

హిమజ ఒక్కతే వచ్చింది. పంచాయితీకి పిలిచిన పెద్దమనిషి ఆదిశేషయ్య అప్పుల లెక్క మొదలుపెట్టాడు.

"అంగడి అప్పు పవన్‌ది. ఇల్లు బాగుచేపిచ్చిన అప్పు చెరిసగం. ఇంక ఆస్పత్రికని తెచ్చిన ఆరు లచ్చలు..."

"అది ఆమెదేనప్పా," అన్నాడు పవన్. "పిల్లల కోసరమని సూదులు ఏపిచ్చుకునింది ఎవరు? మందులన్నీ ఆమె ఒంట్లోకే పాయె. నేనెందుకు కట్టల్ల?"

"ఏందీ? మళ్లీ అను!" హిమజ ముఖం ఎర్రబడింది.

"అంటా. లోపం ఎవరిదో ఊరంతా ఎరికే."

"లోపం..." అని ఆగిపోయింది హిమజ. పళ్లు బిగబట్టి, వంటింటి గడపలో ఉన్న అత్తవైపు చూసింది.

ప్రమీలమ్మ ఉగ్గాని పళ్లెంతో గడప దాటబోయి ఆగింది. లోపం పవన్‌దని డాక్టరమ్మ చెప్పినప్పుడు తనూ అక్కడే ఉంది. అయినా ఆ వైద్యానికి సూదులు పడాల్సింది ఆడదానికేనట. కొడుకు పరువు పోతుందని, లోపం కోడలిదేనని వీధంతా చాటింది తనే. "పోనీలే అత్తా, నన్నే అనుకోనీ" అని ఆ పిచ్చిది అందరి మాటలూ మింగింది. ఇప్పుడూ మింగుతోంది. వీడేమో తల్లి ఆడిన అబద్ధానికి వడ్డీ కూడా కోడలి చేతే కట్టించాలని చూస్తున్నాడు!

పళ్లెం దబ్బున కింద పెట్టింది.

"నోర్ముయ్‌రా, సిగ్గులేనోడా!"

"మా, నువ్వు లోపలికి పో."

"పోను. ఆదిశేషయ్యన్నా, ఇను. లోపం నా కొడుకుది. ఆ పిల్లకు ఏమీ లేదు. వీని కోసరం ఒళ్లంతా పొడిపిచ్చుకునింది. ఊరికి అబద్ధం చెప్పింది నేను. ఆ అప్పు దానికి అంటగడితే మీ పంచాయితీలో మన్ను బడ!"

పవన్ తల వాలిపోయింది. ఆదిశేషయ్య, "ఆస్పత్రి అప్పు పవన్‌దే," అని తేల్చి లేచాడు.

వెళ్లబోతున్న కోడలి చెయ్యి పట్టుకుంది ప్రమీలమ్మ. "ఇంత తిని పో తల్లీ."

"ఈ మాట ఆ పొద్దే అనింటే," అంది హిమజ, "నేను ఈ ఇల్లు ఇడిసేదాన్నే కాదు అత్తా."

ప్రమీలమ్మ కోడలిని పట్టుకుని, వీధి వింటుందన్న జంకైనా లేకుండా బావురుమంది.