చేతులు పైకెత్తిన రికార్డిస్టు

"నా ఊపిరి ఎవరు తీశారు?"

రికార్డింగ్ గది తలుపు తోసుకుని వచ్చి, పాట పాడిన అమ్మాయి అడిగిన మొదటి మాట అది. రికార్డిస్టు హెడ్‌ఫోన్స్ మెడ మీదికి దించాడు.

"నేనేనండీ. పల్లవికి ముందు గట్టిగా ఊపిరి పీల్చారు. కట్ చేశాను."

"ఊపిరి లేకుండా పాడేది దెయ్యాలు. తిరిగి పెట్టండి."

పెట్టాడు. మళ్లీ విన్నాడు. ఆమె చెప్పిందే సరి అని ఒప్పుకోవడానికి అతనికి టీ తాగేంత సేపు పట్టింది.

అప్పటిదాకా ఆమె రేడియోలో సబ్బుల ప్రకటనలు పాడేది. స్టూడియోలో అందరికీ "సబ్బు పిల్ల". ఆ రికార్డు వచ్చాక ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. బస్సుల్లో అదే పాట, బట్టల షాపుల్లో అదే పాట. రెండో రికార్డు మొదటిదాన్ని దాటిపోయింది.

వర్షం పడితే ఇద్దరూ బస్టాపు దాకా ఒకే గొడుగులో నడిచేవాళ్లు.

"నా భుజం తడిసిపోతోంది. పాటకి బ్యాలెన్స్ చేస్తారు, గొడుగుకి చేయలేరా?"

"గొడుగుకి రిహార్సల్ కావాలండీ. రేపు కూడా వర్షం పడాలి."

ఆమె నవ్వింది. మర్నాడు ఎండ కాసినా అతను గొడుగు తెచ్చాడు.

అంతలో ఒక పత్రిక విలేకరి వచ్చాడు. "ఈ పాట వెనక మా అందరి కష్టం ఉంది" అన్నాడు రికార్డిస్టు. అచ్చులో అది "ఆ గొంతు మేం తయారు చేసిందే" అయింది.

"నా గొంతు మీరు తయారు చేశారా?" పత్రిక బల్ల మీద పడేసి అడిగింది ఆమె.

"నేనన్నది అది కాదు."

"జనం చదివేది ఇదే కదా."

ఆ తర్వాత గొడుగు అవసరం రాలేదు. ఆమె ఒక్కతే వర్షంలో తడుస్తూ వెళ్లిపోయేది.

టెలివిజన్ వాళ్లు ఆదివారం కార్యక్రమానికి పిలిచారు. అక్కడ పద్ధతి ఒకటే. రికార్డు వేస్తారు, గాయకులు పెదవులు కదుపుతారు. ఆమె కుదరదంది, అక్కడికక్కడే పాడతానంది.

"ఇది లైవ్ అమ్మా," అన్నాడు నిర్మాత. "శ్రుతి తప్పితే నిన్నింకెవరూ నమ్మరు."

"ఇప్పుడు నమ్ముతున్నారా?"

స్టూడియో తరఫున వచ్చి వెనక నిలబడ్డ రికార్డిస్టు ముందుకొచ్చాడు. "సౌండ్ నేను చూస్తాను సార్. తేడా వస్తే నా మీద వేసేయండి."

ఆమె అతని వైపు చూడలేదు. నిర్మాత చేసేది లేక సరే అన్నాడు.

పాట మొదలైంది. చరణంలో గొంతు బాగా పైకి వెళ్లాలి. అది మెషిన్ల పనేనని అందరూ అనుమానపడేది అక్కడే. దానికి ముందు రికార్డిస్టు గొంతుకి మెరుగు పెట్టే ఎకో ఆపేశాడు. కెమెరామన్‌కి సైగ చేసి, గాజు అద్దం వెనక లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు. సౌండ్ బోర్డు మీటల మీద ఎవరి వేలూ లేదని తెర మీద అందరికీ కనిపించింది.

ఆమెకీ కనిపించింది. గొంతు పైకి వెళ్లింది. వణకలేదు.

పాట అయ్యాక వరండాలో విలేకరులు అతన్ని చుట్టుముట్టారు. "ఇంతకీ అందులో మీ పనేంటి?"

"వినడం. అంతే."

ఆమె తల్లి టైలరు. ఆ రోజు కూతురు వేసుకున్న గౌను ఆవిడ కుట్టిందే. గుంపులోంచి దారి చేసుకుని వచ్చింది. "ఏం బాబూ, పోలీసులకి దొరికినట్టు చేతులెత్తి నిలబడ్డావు? జీతం దీనికేనా ఇస్తారు?"

"మీ అమ్మాయి పాడుతుంటే నాకు పని లేదండీ."

తల్లి కూతురి వైపు తిరిగింది. "ఇతనేనా? అన్నం తింటూ ఊరికే తిడుతుంటావే, ఆ మనిషి!"

"ఇతనేనమ్మా." ఆమె అతని ముందుకొచ్చి నిలబడింది. "ఇంట్లో కూడా పాడతాను. వింటావా?"

మొదటిసారి 'నువ్వు' అంది. అతను తలూపాడు.

"తలూపితే చాలదు. నోటితో చెప్పు."

"వింటాను."

"గట్టిగా."

గట్టిగానే చెప్పాడు. విలేకరులంతా రాసుకున్నారు. ఈసారి ఒక్క మాట కూడా మార్చలేదు.